ఖడ్గమృగాల కోసం కెన్యా: లేవా, ఓల్ పెజెటా, న్యేరి

కెన్యా అనగానే ఏ ఏజెన్సీ అయినా ముందు మసాయి మారా అభయారణ్యాన్నే చూపిస్తుంది. ఖడ్గమృగాన్ని దగ్గరగా చూడాలన్నా, వేట దేశం సంరక్షణ దేశంగా మారిన తీరు తెలుసుకోవాలన్నా మౌంట్ కెన్యా పరిసరాల్లోని లేవా, ఓల్ పెజెటా సంరక్షణ క్షేత్రాలకే వెళ్లాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలం, అదే మేలు. మార్చి చివరి నుంచి మే వరకు వద్దు. ఓల్ పెజెటాలో చాలా భాగం నల్లరేగడి. తడిసిన నల్లరేగడి చక్రాలను ఎలా పట్టేస్తుందో మనవాళ్లకు చెప్పనక్కర్లేదు, అక్కడ ఫోర్ వీల్ డ్రైవ్ కూడా దిగబడుతుంది.

లేవాలో 1922 నుంచి క్రెయిగ్ కుటుంబం పశువులు మేపింది. 1977లో కెన్యా వేటను నిషేధించినా కొమ్ముల కోసం దొంగవేట ఆగలేదు. 1970 ప్రాంతంలో 20,000 దాకా ఉన్న నల్ల ఖడ్గమృగాలు 1980ల చివరికి 400 కూడా మిగల్లేదు. 1983లో ఖడ్గమృగాల్ని కాపాడాలని తపించిన ఆనా మెర్జ్ కోరిక మీద డేవిడ్ క్రెయిగ్ తమ భూమిలో 5,000 ఎకరాలు ఖడ్గమృగాలకు విడిచిపెట్టారు. 1995 నాటికి పశువుల క్షేత్రం మొత్తం సంరక్షణ క్షేత్రమైంది. ఇప్పుడది సుమారు 62,000 ఎకరాలు. 2011లో హైవే కింద కట్టిన దారి గుండా ఏనుగులు మౌంట్ కెన్యా అడవికీ ఇటుకీ రాకపోకలు సాగిస్తాయి. సన్నని చారల గ్రేవీ జీబ్రాలు ప్రపంచం మొత్తంలో అడవుల్లో మిగిలినవే సుమారు 3,000. వాటిని తీరిగ్గా చూడాలంటే ఇదే చోటు.

లేవాలోకి బస చేసేవాళ్లకే ప్రవేశం. అందుకే జంతువు చుట్టూ బండ్లు మూగవు. రాత్రి సఫారీ, గైడుతో కాలినడక ఉంటాయి. క్రెయిగ్ కుటుంబం నడిపే లేవా వైల్డర్‌నెస్ పాత ఇల్లులాంటి బస. ఖర్చు మాత్రం బాగా ఎక్కువ. గదితోపాటు భోజనం, సఫారీ కలిసి ఉన్నాయా, సంరక్షణ రుసుం విడిగా కట్టాలా అన్నది బుకింగుకు ముందే రాతపూర్వకంగా అడగండి. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. నైరోబీ విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానాలుంటాయి. సామాను 15 కిలోలు, అదీ మెత్తటి సంచీలో. గట్టి సూట్‌కేసు ఆ విమానం అరలో పట్టదు.

డబ్బు చూసుకుని వెళ్లేవాళ్లకు ఓల్ పెజెటాయే సరి. నైరోబీ నుంచి దాని దగ్గరి పట్టణం నాన్యుకి సుమారు 200 కిలోమీటర్లు, కారులో నాలుగు గంటలు. 90,000 ఎకరాల్లో నూటికి పైగా నల్ల ఖడ్గమృగాలున్నాయి. భూమ్మీద మిగిలిన చివరి రెండు ఉత్తర తెల్ల ఖడ్గమృగాలు, తల్లీకూతుళ్లు నాజిన్, ఫాతు, ఇక్కడే ఉన్నాయి. చివరి మగది సుడాన్ 2018 మార్చిలో చనిపోయింది. వాటిని చూడటానికి టికెట్ వేరు, ముందే తీసుకోవాలి. గేటు దగ్గర దొరుకుతుందనే నమ్మకంతో పోవద్దు. పశువులూ అడవి జంతువులూ ఒకే నేల మీద మేస్తాయి. రాత్రి ఆవులను ఇనుప పలకల దొడ్డిలో ఉంచుతారు, ఆ దొడ్డిని కొన్నాళ్లకు మరో చోటికి మారుస్తారు. పాత దొడ్డి ఎరువుకు మొలిచిన పచ్చికకు జింకలు చేరతాయి. అక్కడ కాసేపు ఆగమని గైడుకు చెప్పండి. బసకు స్వీట్‌వాటర్స్ క్యాంపు బాగుంటుంది, గుడారం ముందే నీటిగుంట. ఎత్తు దాదాపు 1,800 మీటర్లు, భూమధ్యరేఖ కదా అని స్వెట్టర్ మానేస్తే తెల్లవారుజామున వణుకే.

తిరుగు దారిలో న్యేరి పట్టణం చూడటం ఒక పూట పనే. మన కుమావూఁ కొండల్లో మనుషుల్ని తినే పులులను వేటాడి, తర్వాత కెమెరా పట్టిన జిమ్ కార్బెట్ 1947లో అక్క మ్యాగీతో ఇక్కడికొచ్చి 1955 ఏప్రిల్ 19న కన్నుమూశారు. సెయింట్ పీటర్స్ చర్చి ఆవరణలో సమాధి ఉంది. ఆయన నివసించిన పాక్స్‌టు కుటీరం అవుట్‌స్పాన్ హోటల్ ఆవరణలోనే.

కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయాల్లో పచ్చజ్వరం టీకా సర్టిఫికెట్ అడుగుతారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాదులో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. కెన్యాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2017 నుంచి నిషేధం, పెట్టెలో బట్టలు చుట్టినవి కూడా తీసేయండి. కెమెరా కదలకుండా ఆనించుకునే గుడ్డ సంచీని ఖాళీగా తీసుకెళ్లి అక్కడే బీన్స్ కొని నింపుకోండి. ప్లగ్గులు చదరపు మూడు కాళ్లవి, అడాప్టరు కావాలి. తిండికి దిగులు లేదు, అక్కడి భాషలోనూ చపాతీ చపాతీయే, చాయ్ చాయే.