చెట్టుకు వేలాడుతూ మాటు: ప్రభుత్వ అడవిలో కొన్ని సీజన్లు శాడిల్ వాడాక

ముందే చెప్పేస్తాను. సొంత భూమిలోనో స్నేహితుడి పొలంలోనో జింకల కోసం కాపు కాసేవారికి శాడిల్, అంటే నడుముకు కట్టుకుని చెట్టుకు వేలాడే పట్టీ, అక్కర్లేదు. అక్కడ మంచి చెట్టు చూసుకుని నిచ్చెన మంచె బిగించి సీజనంతా వదిలేయవచ్చు, మెత్తటి సీటు మీద వీపు ఆనించి కూర్చోవచ్చు. ఈ సమీక్ష ఆ అదృష్టం లేనివారి కోసం. నేను అమెరికాలోని విస్కాన్సిన్‌లో ప్రభుత్వ భూముల్లో, అందులోనూ ఎక్కువగా లోయర్ విస్కాన్సిన్ స్టేట్ రివర్‌వేలో, విల్లుతో తెల్లతోక జింకలను వేటాడతాను. ప్రేరీ డూ సాక్ ఊరి నుంచి మిసిసిపీలో కలిసేదాకా విస్కాన్సిన్ నది వెంట 92 మైళ్ల పొడవున ఉన్న ప్రాంతమిది. 1989లో చట్టం చేసి దీన్ని కాపాడుకుంటున్నారు. ఇసుక దిబ్బలు, వరద వస్తే మునిగిపోయే లంకలు, వాటి పైన నిటారుగా లేచిన ఓక్ చెట్ల కొండలు. ఎవరైనా రావచ్చు, అసలు చిక్కంతా అక్కడే.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను చంపితే జైలుకు వెళ్లాలి, ఆ చట్టం అలాగే ఉండాలి కూడా. ఇక్కడి లెక్క వేరు. రాష్ట్రం దక్షిణ భాగంలో తోడేళ్లు పెద్దగా లేవు, జింకల సంఖ్యను అదుపు చేసే ప్రధాన సాధనం వేటే. విల్లుల మీద, తుపాకుల మీద 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద వసూలయ్యే ఎక్సైజు పన్ను తిరిగి ఎక్కువగా వన్యప్రాణుల కోసమే ఖర్చవుతుంది. ఇది విన్నా వేట నచ్చనివారు ఉంటారు, వారితో నాకు పేచీ లేదు.

శాడిల్ అంటే నడుమును, పిరుదులను పట్టి ఉంచే గట్టి నేత పట్టీ. దాని రెండు పక్కలనూ కలుపుతూ ముందువైపు ఒక తాడు ఉంటుంది, దాన్ని బ్రిడ్జ్ అంటారు. చెట్టు చుట్టూ తల ఎత్తున బిగించిన ఇంకో తాడుకు బ్రిడ్జ్‌ను తగిలించి, పాదాలు చిన్న అల్యూమినియం పలక మీద ఆనించి, చెట్టుకు ఎదురుగా వెనక్కి వాలతాం. ఎక్కడానికి మూడు నాలుగు పొట్టి నిచ్చెన ముక్కలు ఉంటాయి. వాటిని ఒకదాని పైన ఒకటి చెట్టుకు కట్టుకుంటూ వెళ్లాలి. ఆ ఎక్కేటప్పుడు కూడా నడుముకూ చెట్టుకూ కలిపి ఒక తాడు ఉంటుంది. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి మోకును చూసినవారికి ఇంతకంటే వివరించనవసరం లేదు.

నన్ను దీనివైపు నెట్టింది సోకు కాదు, నిబంధన. రాష్ట్రానికి అడ్డంగా పోయే హైవే 64కు దక్షిణాన రాష్ట్ర సహజ వనరుల శాఖ భూముల్లో మంచె కట్టుకోవచ్చు గానీ, ఆ రోజు వేట సమయం ముగియగానే విప్పి తీసుకుపోవాలి. ఉత్తరాన షరతులతో కొంతకాలం వదిలే వీలుంది, ఇక్కడ లేదు. చెట్టుకు మేకు కొట్టకూడదు, మర దించకూడదు. నా పాత క్లైంబర్ మంచె, అంటే మానును పట్టుకుని మనతోపాటే పైకి జరిగే రకం, 9 కిలోలకు పైనే ఉండేది. దాన్ని వీపున వేసుకుని కొండ ఎక్కడం ఒక బాధ అయితే, అది ఎక్కగల చెట్టును వెతకడం ఇంకో బాధ. దానికి కరెంటు స్తంభానికి తీసిపోని తిన్నని మాను కావాలి, కింది కొమ్మలు ఉండకూడదు. నది ఒడ్డున పెరిగే సిల్వర్ మేపుల్ చెట్లు నేల దగ్గరే మూడు నాలుగుగా చీలిపోతాయి. కొండ మీది ఓక్‌లు వంకర్లు తిరిగి ఉంటాయి. జింకలు నడిచే దారి పక్కన ఉన్న చెట్టు ఎప్పుడూ క్లైంబర్‌కు పనికిరాని చెట్టే.

శాడిల్‌తో ఆ తలనొప్పి పోయింది. వంగిన చెట్టయినా, చీలిన చెట్టయినా, పట్టు దొరికితే ఎక్కవచ్చు. సామానంతా కలిపినా 7 కిలోలు దాటదు. రెండు రకాల చెట్ల జోలికి మాత్రం పోకండి. మొదటిది చచ్చిన యాష్ చెట్టు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు విస్కాన్సిన్‌లో 2008లో బయటపడింది, అప్పటి నుంచి ఆ చెట్లు వరుసగా ఎండిపోతున్నాయి. పైకి గట్టిగా కనిపించినా లోపల పెళుసు. రెండోది షాగ్‌బార్క్ హికరీ. దాని బెరడు మూరెడు పొడవు పెచ్చులుగా లేచి ఉంటుంది, తాడు బిగించిన ప్రతిసారీ పెటపెటమని అడవికంతా మన రాక చాటుతుంది.

అయితే ఎక్కాల్సిన చెట్టు ఏదో తెలియనివాడికి ఎంత ఖరీదైన శాడిల్ ఉన్నా దండగే. ఆ చెట్టును అక్టోబరులో వెతకరు. నా లెక్కలో వేట ఫిబ్రవరి చివర్లో, మంచు కరుగుతున్నప్పుడు మొదలవుతుంది. ఆకు ఉండదు, గడ్డి పడుకుని ఉంటుంది, నవంబరులో జింకలు చేసిన పనులన్నీ కళ్ల ముందు ఉంటాయి. కొమ్ములతో రాకిన చెట్ల వరుస ఎటు సాగుతోందో చూస్తే మగ జింక ఎక్కడ పడుకుని ఎటు బయల్దేరుతుందో తెలుస్తుంది. గిట్టలతో నేల గీకి మూత్రం పోసే చోట, సరిగ్గా దాని మీదుగా, ఒక వంగిన కొమ్మ ఉంటుంది. దాని కొస నమిలి నమిలి విరిగి ఉంటుంది. ఆ కొమ్మ దొరికితే ఏటా అక్కడికే వస్తాయని నేను నమ్ముతాను. పడక ఇంకా ముఖ్యం. కొండ అంచున గాలి వీపుకు తగిలేలా, కింది లోయ కనిపించేలా మగ జింక పడుకుంటుంది. వెనక నుంచి వచ్చేదాన్ని ముక్కు పసిగడుతుంది, ముందు నుంచి వచ్చేదాన్ని కన్ను చూస్తుంది. మంచు మీద కోడిగుడ్డు ఆకారంలో కరిగిన గుంట, అందులో నాలుగు వెంట్రుకలు, పక్కన పెంటికలు. అది చూసినచోట ఫోనులో గుర్తు పెట్టుకుని మళ్లీ సీజన్ దాకా అటు అడుగు పెట్టను.

ప్రభుత్వ భూమిలో జింకల కంటే ముందు మనుషుల జాడ తీయాలి. కార్లు ఆగే చోటు నుంచి అరమైలు లోపలే చాలామంది ఆగిపోతారు. అందుకని దూరం పోతే చాలని అందరూ చెబుతారు, నేను ఒప్పుకోను. ఇప్పుడు అందరి దగ్గరా అదే సలహా, అదే మ్యాపు యాప్ ఉన్నాయి, కాబట్టి రెండు మైళ్ల అవతల కూడా ఎవరో ఒకరు టార్చి వేసుకుని ఎదురవుతున్నారు. రోడ్డు పక్కనే ప్రిక్లీ యాష్ ముళ్లపొద అడ్డం ఉన్న చిన్న తుంపు, పడవ ఉంటే తప్ప చేరలేని లంక, ఇలాంటివి ఎక్కువ ఫలితమిచ్చాయి. లంకల్లోకి చిన్న పడవలో వెళ్లేవారు నది ఒడ్డునున్న మస్కోడా ఊరి దగ్గరి నీటిమట్టం ముందురోజు చూసుకోవాలి.

మ్యాపు యాప్‌కు ఏటా కట్టే డబ్బు దండగ కాదు. విస్కాన్సిన్‌లో బోర్డు లేకపోయినా, కంచె లేకపోయినా అనుమతి లేకుండా ప్రైవేటు భూమిలోకి అడుగు పెడితే చట్టాన్ని ఉల్లంఘించినట్టే. పైగా అడవిని పెంచే యజమానులకు పన్ను తగ్గించే పథకం ఒకటి ఉంది, మేనేజ్డ్ ఫారెస్ట్ లా. అందులో జనానికి తెరిచిన భూముల్లో వేటకు వెళ్లవచ్చు. యాప్ లేకపోతే ఆ తునకలు ఉన్నాయనే తెలియదు. హద్దు గీతలు మాత్రం కొన్నిచోట్ల కొన్ని గజాలు అటూ ఇటూ ఉంటాయి, గీతను ఆనుకుని మాటు వేయకండి. జింకల దారిలో చెట్టుకు కట్టి వదిలే ట్రెయిల్ కెమెరాలా? వాటి మీద పేరూ చిరునామా అయినా, శాఖ ఇచ్చే కస్టమర్ నంబరైనా ఉండాలి, అది చూసి దొంగలు ఆగరు. నేను తగ్గించేశాను.

ఇక గాలి. కొండ ప్రాంతంలో వాతావరణ శాఖ చెప్పే గాలి ఒకటి, చెట్టు దగ్గర వీచేది ఇంకొకటి. ఎండ పొడ తగలగానే గాలి వాలు వెంట పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడగానే కిందికి జారుతుంది. దీన్ని చూడటానికి మిల్క్‌వీడ్ కాయల దూదిని మించిన సాధనం లేదు. మన జిల్లేడు కుటుంబపు మొక్కే. ఎండిన కాయలు జేబులో వేసుకుని, చెట్టు మీద ఉండగా ఒక్కొక్క పోగు వదులుతూ ఉంటాను. గాలి చూడటానికి వేటగాళ్లు వాడే పొడి బుడ్డీ మన పక్కన గాలి ఎటు పోతోందో మాత్రమే చెబుతుంది. ఈ పోగు నలభై గజాలు తేలుతూ వెళ్లి, మధ్యలో ఎక్కడ సుడి తిరిగిందో, ఎక్కడ లోయలోకి దిగిందో అంతా చూపిస్తుంది. నా వాసన ఎటు పోతుందో అదే.

శాడిల్ అసలు గొప్ప బరువు తగ్గడంలో లేదు, మాను చాటున దాక్కోవడంలో ఉంది. నవంబరు మొదట్లో, ఎద సమయంలో, తూర్పు తెల్లవారుతుండగా ఒక మగ జింక నా కింది వాలులో నేల వాసన చూస్తూ వచ్చింది. మణికట్టంత లావు జునిపర్ మొక్క దగ్గర ఆగి కొమ్ములతో రాకడం మొదలుపెట్టింది. బెరడు చీలికలుగా వేలాడుతోంది, లోపలి తడి కలప నారింజ రంగులో మెరుస్తోంది. ఉన్నట్టుండి తలెత్తి నేరుగా నా ఓక్ వైపు చూసింది. మామూలు మంచె మీద ఉంటే మనిషి ఆకారమంతా ఆకాశానికి ఎదురుగా కనబడేది. నాకూ దానికీ మధ్య రెండడుగుల మాను ఉంది. అది కుడివైపు కదిలిన కొద్దీ నేను పలక అంచు మీద పాదం జరుపుతూ ఎడమవైపు తిరిగాను. 18 గజాల దగ్గర అది పక్కకు తిరిగి నిలబడ్డాక విల్లు లాగాను. బాణం తగిలిన చోటు నుంచి నెత్తుటి జాడ మొదలై, కనుచూపు మేరలోనే ముగిసింది.

ఇప్పుడు లోపాలు. మొదటిది తుంటి నొప్పి. పట్టీ రెండు పక్కల నుంచి నొక్కుతుంది, రెండు గంటలు దాటాక ఆ నొక్కు తప్ప ఇంకేదీ గుర్తుండదు. బ్రిడ్జ్ తాడు పొడవు పెంచితే కొంత తగ్గుతుంది. మోకాళ్లకు ప్యాడ్లు తప్పనిసరి. చలిలో ఇది ఇంకా కష్టం, డిసెంబరులో పాదాలు పలక అంచుకు నొక్కుకుని తొందరగా మొద్దుబారతాయి. రెండోది, కుడిచేతి విలుకాడికి కుడిపక్క, వెనకవైపు వచ్చే జింకకు గురి పెట్టడం కసరత్తే. ఒంటిని పూర్తిగా తిప్పి, బ్రిడ్జ్ తాడు విల్లుకు తగలకుండా చూసుకోవాలి. అందుకే జింక వస్తుందనుకున్న వైపు ఎడమకు పడేలా చెట్టును ఎంచుకోవాలి. మూడోది చప్పుడు. అల్యూమినియం ముక్కలు ఒకదానికొకటి తగిలితే గుడి గంట మోగినట్టే. తగిలే చోటల్లా గుడ్డ టేపు చుట్టేస్తే సరిపోతుంది. నేను మొదట కొన్న పలకకు వచ్చిన పట్టీ ఒక్క సీజనుకే పోగులు లేచింది. తయారీదారు మార్చి ఇచ్చాడు గానీ, అడిగి అడిగి విసిగాక.

ప్రాణానికి సంబంధించిన మాట ఒకటుంది. మంచెల మీద నుంచి పడిపోవడం అమెరికాలో వేటగాళ్ల గాయాలకు పెద్ద కారణాల్లో ఒకటి. శాడిల్‌లో నేల వదిలింది మొదలు మళ్లీ నేల తాకేదాకా తాడుతోనే ఉంటాం కనుక, సరిగ్గా వాడితే మంచె కంటే ఇదే మేలు. కానీ పైకి చేరాక తాడు వదులుగా ఉంచి నిలబడితే ఆ మేలంతా గాలికి పోతుంది. మీటరు వదులు ఉన్నా పడినప్పుడు తగిలే కుదుపు నడుము విరిచేస్తుంది.

కొత్తగా మొదలుపెట్టే తెలుగువారికి రెండు విషయాలు. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి విస్కాన్సిన్‌లో వేట భద్రత కోర్సు సర్టిఫికెట్ ఉండాలి. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నా, వకీలును అడగకుండా ఆ దారి పట్టకండి. విల్లుకు ఈ గొడవ లేదు.

ఈ ప్రాంతంలో వేటాడేవారు మాంసం పరీక్ష చేయించకుండా తినకూడదు. జింకల మెదడును తినేసే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ విస్కాన్సిన్‌లో 2002లో బయటపడింది మౌంట్ హోరెబ్ పరిసరాల్లోనే, రివర్‌వేకు ఎంతో దూరం కాదు. వండితే పోయే సూక్ష్మజీవి కాదది, ప్రయాన్ అనే వంకర ప్రొటీన్. తలను కొంత మెడతో సహా శాఖ పెట్టిన పెట్టెలో వేస్తే ఉచితంగా పరీక్షిస్తారు. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లో విడిగా ఉండాల్సిందే. వ్యాధి ఉందని తేలితే పారేయడమే.

కొనాలా అంటే, ఈ దక్షిణ జిల్లాల ప్రభుత్వ భూముల్లో విల్లుతో వేటాడేవారు కొనాలి. శాడిల్, పలక, నిచ్చెన ముక్కలు, తాళ్లు మంచివి తీసుకుంటే ఐదారు వందల డాలర్లు దాటుతుంది. పట్టీ నడుముకు సరిపోతుందో లేదో దుకాణంలో వేలాడి చూశాకే డబ్బు ఇవ్వండి, సైజు పట్టిక చూసి కాదు. పలక, నిచ్చెన ముక్కలు పాతవి కొన్నా ఫరవాలేదు. తాళ్లు మాత్రం కొత్తవే కొనండి. ముడి జారే చోట తాడు నున్నగా మెరుస్తూ గట్టిబడిందంటే అదే రోజు మార్చేయండి.