కారు స్టీరియోకి వైర్లు కట్ చేయించాలా, కప్లర్ పెట్టించాలా?

మా వాళ్లలో ఎవరు కారు స్టీరియో మార్పించినా ముందు నాకే ఫోన్. అడిగేది కూడా ఒకటే, "కప్లర్‌కి విడిగా ఇంకో కొన్ని వందలు అడుగుతున్నాడురా షాపువాడు, అవసరమా, వైర్లు కలిపి టేప్ చుట్టేస్తే సరిపోదా?" అని. కప్లర్ అంటే కారు కనెక్టర్‌ని కోయకుండా, ఒక వైపు దానికి, ఇంకో వైపు కొత్త స్టీరియోకి తగిలించే రెడీమేడ్ వైర్ల జోడు. రెండూ చేయించుకున్నా, రెండిటితోనూ తిప్పలు పడ్డా కాబట్టి ఇక్కడ రాసేస్తున్నా.

మా పాత కారుకి కట్ చేయించా. ఫిట్టర్ కుర్రాడు భలే స్పీడు, కారు కనెక్టర్‌ని కటింగ్ ప్లేయర్‌తో టక్కున కత్తిరించి పక్కన పడేశాడు, టెస్ట్ ల్యాంపుతో నాలుగు చోట్ల గుచ్చి చూశాడు, పళ్లతో తొక్క తీసి మెలేసి టేప్ చుట్టి మొత్తం లోపలికి తోసేశాడు, అరగంటలో పాట మోగింది, నేనూ సంతోషంగా డబ్బులిచ్చి వచ్చేశా. ఎండాకాలం వచ్చేదాకా బానే ఉంది. మే నెలలో కారు ఎండలో పెట్టి తీస్తే లోపల ఎలా ఉంటుందో తెలుసు కదా, ఆ వేడికి టేప్ జిగురు కరిగిపోయింది. గుంతలో పడ్డప్పుడల్లా ఎడమ స్పీకర్ ఆగిపోవడం, కాసేపటికి స్టీరియోనే ఆఫ్ అయి మళ్లీ ఆన్ అవ్వడం. డాష్‌బోర్డు విప్పి చూస్తే టేపులు జారిపోయి రాగి బయటికొచ్చింది, ఒక స్పీకర్ నెగటివ్ వెళ్లి ఇనప బ్రాకెట్‌కి తగులుతోంది. ఇప్పటి స్టీరియోల్లో స్పీకర్ నెగటివ్ అంటే ఎర్త్ కాదు, రెండు వైర్లలోనూ లోపలి యాంప్ (సౌండ్ పెంచే యాంప్లిఫయర్) సిగ్నల్ ఉంటుంది. అది బాడీకి తగిలితే స్టీరియో ప్రొటెక్షన్‌లోకి పోతుంది, అంటే తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది, మన ఖర్మ బాగోకపోతే లోపల ఐసీ (యాంప్ చిప్) కూడా కాలిపోతుంది.

టేప్ మళ్లీ చుట్టించుకోవచ్చు, అదేం పెద్ద బాధ కాదు. అసలు బాధ, తప్పు ఎక్కడుందో తేల్చుకోలేకపోవడం. ఫిట్ చేసిన షాపువాడు స్టీరియోలో ప్రాబ్లం అంటాడు, స్టీరియో సర్వీస్‌వాడు వైరింగ్ బాలేదంటాడు, మధ్యలో మనం బంతిలా తిరగాలి. పోనీ కంపెనీ స్టీరియో మళ్లీ పెట్టి చూద్దామంటే కనెక్టరే లేదు, అది ఆ రోజే చెత్తబుట్టలోకి పోయింది.

కప్లర్ విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే. వారంటీ గురించే అందరూ మాట్లాడతారు గానీ, కప్లర్ ఉంటే పాత స్టీరియోని పది నిమిషాల్లో తిరిగి తగిలించి తప్పు కారు వైపుందా కొత్త వైపుందా అని తేల్చేయొచ్చు. ఇప్పటి కారులో అదే జరిగింది. కొత్త స్టీరియో పెట్టాక ఎఫ్ఎం అంతా గరగర. పాతది తగిలిస్తే స్టేషన్లన్నీ గంటలా వచ్చాయి. అంటే యాంటెన్నా బానే ఉంది, తేడా మధ్యలోనే. చూస్తే కప్లర్‌లో నీలం వైరు ఖాళీగా వేలాడుతోంది. పైకప్పు మీది పొట్టి యాంటెన్నాల అడుగున చాలావాటికి చిన్న బూస్టర్ ఉంటుంది, దానికి ఆ నీలం వైరు నుంచే 12 వోల్టులు వెళ్లాలి. కలిపా, అయిపోయింది. అదే మొదటి కారయితే షాపువాడు యాంటెన్నా మార్చాలని ఇంకో బిల్లు వేసేవాడు!

అలాగని కప్లర్ అంటే గుడ్డిగా నమ్మడానికి లేదు. ముఖ్యంగా పసుపు, ఎరుపు చూసుకోండి. పసుపు ఎప్పుడూ ఉండే బ్యాటరీ సప్లై, ఎరుపు తాళం తిప్పితేనే వచ్చేది. ఈ రెండూ తారుమారైతే కారు ఆపిన ప్రతిసారీ టైమ్, సెట్టింగ్‌లు, స్టేషన్లు అన్నీ చెరిగిపోతాయి. ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ పాత కార్లలో ఈ రెండు పిన్నులు తిరగేసి ఉంటాయి కాబట్టే, చాలా కప్లర్లలో ఆ వైర్ల మధ్యలో ఊడదీసి మార్చుకునే జాయింట్లు ఇస్తారు. ఆ చిన్న జాయింట్లు ఎందుకో తెలియక కొంతమంది ఫిట్టర్లు అలాగే వదిలేస్తారు.

కటింగ్‌లో ఇంకో రకం కక్కుర్తి ఉంది. తాళం సప్లై దొరక్కపోతే పసుపు, ఎరుపు రెండూ కలిపి నేరుగా బ్యాటరీ లైనుకి ఇచ్చేస్తారు. స్టీరియో మోగుతుంది, కానీ నిద్రపోదు. అది అర ఆంపియర్ లాగుతోందనుకుంటే 35 ఏహెచ్ (అంటే గంటకి ఒక ఆంపియర్ లెక్కన 35 గంటలొచ్చే) బ్యాటరీ మూడు రోజుల్లోపే ఖాళీ, సెల్ఫ్ తీసుకోవడం అంతకంటే ముందే మానేస్తుంది. ఊరెళ్లి వచ్చేసరికి బండి తోయించుకునేవాళ్లలో సగం మంది దగ్గర కథ ఇదే అని నా అనుమానం. మల్టీమీటర్ ఉంటే రెండు నిమిషాల పని: తాళం తీసేసి చూస్తే పసుపులో 12 పైన, ఎరుపులో సున్నా ఉండాలి. ఒక గాటు తిప్పితే రెండిట్లోనూ రావాలి. ఇంజన్ నడుస్తుంటే 14కి అటూ ఇటూ.

రంగులు చూసి కలిపేస్తా అనే ధైర్యవంతులకి ఒక మాట. స్టీరియో వైపు రంగులు దాదాపు అన్ని బ్రాండ్లకీ ఒకటే, తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి, నల్ల గీత ఉన్నది నెగటివ్. కారు వైపు మాత్రం కంపెనీకో లెక్క. మా ఫ్రెండ్ కారులో ఎరుపుకి ఎరుపు కలిపితే అది డాష్‌బోర్డ్ లైట్ల వైరు అయ్యింది, ఏడాది పాటు హెడ్‌లైట్ వేస్తేనే పాట! స్పీకర్ ప్లస్ మైనస్ ఒక వైపు తిరగబడితే ఇంకో తమాషా, సౌండ్ వస్తుంది గానీ బాస్ మాయం. పెన్సిల్ సెల్‌ని స్పీకర్ వైర్లకి ఒక్క క్షణం తాకించండి, కోన్ బయటికి కదిలితే సెల్ ప్లస్ తగిలిన వైరే స్పీకర్ ప్లస్.

ఇంజన్ రేజ్ చేస్తే స్పీకర్లో కూయ్‌మని వచ్చే గోలకి మాత్రం కప్లరా కటింగా అని చూడక్కర్లేదు, ముందు ఎర్త్ చూడండి. విడిగా యాంప్ పెట్టుంటే దాని ఎర్త్ పెయింటు గీకిన బాడీ ఇనుము మీద గట్టిగా బిగించాలి, పవర్ వైరు బ్యాటరీ నుంచే నేరుగా, బ్యాటరీ దగ్గరే ఫ్యూజుతో తెచ్చుకోవాలి. యాంప్ పవర్ కప్లర్ నుంచి లాగకూడదు.

కనెక్టర్ ముందే ఎవరో కోసేసిన సెకండ్‌హ్యాండ్ కారు అయితే కటింగ్ తప్పదు. అప్పుడు సోల్డరింగ్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే బిగుసుకునే గొట్టం) వేయించండి, లేదంటే క్రింపింగ్ (లోహపు గొట్టంలో వైర్లు పెట్టి నొక్కి బిగించడం), రెండూ ఓకే. తొక్క తీయకుండానే వైరు మీద నొక్కి బిగించే ఆ నీలం ప్లాస్టిక్ క్లిప్పుల జోలికి మాత్రం నేను పోను. ఇంకా మంచిదేంటంటే కారు వైపు కప్లర్ కూడా విడిగా దొరుకుతుంది, కోసిన వైర్లకి దాన్ని ఒక్కసారి సరిగ్గా అతికించుకుంటే ఇక ఎప్పటికీ కప్లర్ బండే.

విజయవాడ ఆటోనగర్‌లో చేయించినా కోఠి గుజరాతీ గల్లీలో సామాన్లు కొనుక్కుని ఇంట్లోనే చేసుకున్నా, మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. షాపులో అయితే కటింగ్ ప్లేయర్ చేతిలోకి తీసుకోకముందే "కప్లర్ టు కప్లర్, ఒక్క వైరు కూడా కోయొద్దు" అని చెప్పండి. కప్లర్ స్టాక్ లేదంటే రేపొస్తానని చెప్పి వచ్చేయండి. పాత స్టీరియో, దాని బ్రాకెట్, స్క్రూలు అన్నీ అడిగి తీసుకోండి, పాతదానికి ఐదొందలిస్తామంటారు, ఇవ్వకండి. నాది అటక మీద ఉంది.