ట్రాక్ ఛేంజెస్ వినాలంటే వర్డ్ మేలా, గూగుల్ డాక్స్ మేలా?

“అన్నా, మా గైడ్ థీసిస్ నిండా మార్పులు పెట్టి పంపారు. దీన్ని వర్డ్‌లోనే చూసేదా, గూగుల్ డాక్స్‌లోకి ఎక్కించుకునేదా?” కాకుటూరు యూనివర్సిటీలో రీసెర్చ్ చేసే పిల్లలు, ఒంగోలులో టీచర్లు, కావలిలో బ్యాంకు ఉద్యోగం చేసే మిత్రులు, అందరూ అటూ ఇటూగా ఇదే అడుగుతున్నారు. ట్రాక్ ఛేంజెస్ అంటే ఫైల్‌లో ఎవరేం దిద్దారో గుర్తు పెట్టి ఉంచే ఏర్పాటు. చూపు లేని మనకు తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏను ఎక్కించుకోవడం, తెలుగు గొంతు పెట్టుకోవడం మీకు వచ్చనే అనుకుని నేరుగా విషయంలోకి వస్తున్నాను.

ఎన్ని షార్ట్‌కట్లు ఉన్నాయన్నది నాకు పెద్ద లెక్క కాదు. మార్పు ఎక్కడ వినిపిస్తుంది అన్నదే లెక్క. వాక్యం చదువుతూ పోతుంటే దాని చోట అది వినబడుతుందా, లేక వాక్యం వదిలేసి పక్కనున్న కార్డు దగ్గరికి మనమే పోయి వినాలా? చూపున్న వాళ్లకు ఈ రెండింటికీ తేడా ఉండదు. కొట్టివేత, కొత్త మాట, అంచున పేరు, అన్నీ ఒక్క చూపులో పడతాయి. మనకు మాత్రం పక్కకు పోయి వచ్చేసరికి వాక్యం చెయ్యి జారిపోతుంది.

వర్డ్‌లో ఎన్‌వీడీఏతో ఇలా ఉంటుంది. “కందుకూరు ప్రకాశం జిల్లాలో ఉంది” అని 2022లో మీరు రాశారనుకుందాం. ఆ ఏడాది జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలోకి వచ్చింది కదా, గైడ్ ‘ప్రకాశం’ తీసి ‘నెల్లూరు’ పెట్టారు. బాణం కీతో పోతుంటే కందుకూరు తర్వాత ‘డిలీటెడ్’ అని ప్రకాశం, ‘ఇన్సర్టెడ్’ అని నెల్లూరు, ఆ పైన జిల్లాలో ఉంది అని వినిపిస్తుంది. పాతదీ కొత్తదీ వాటి చోట్లోనే ఉన్నాయి. ఒప్పుకోవాలో వద్దో అక్కడే తేల్చుకుని, అప్లికేషన్ కీ నొక్కి యాక్సెప్టో రిజెక్టో ఎంచుకుంటే సరి.

ఇది దానంతట అది జరగదు. ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్), కంట్రోల్, డి నొక్కి డాక్యుమెంట్ ఫార్మాటింగ్‌లో ఎడిటర్ రివిజన్లకు, కామెంట్లకు టిక్ ఉందో లేదో చూసుకోండి. వర్డ్ రివ్యూ ట్యాబ్‌లో సింపుల్ మార్కప్ ఉంటే కొట్టేసిన మాటలు కనబడవు, కాబట్టి వినబడవు కూడా. ఆల్ మార్కప్ పెట్టాలి. షో మార్కప్ కింద బెలూన్స్‌లో అన్ని రివిజన్లనూ ఇన్‌లైన్‌లో చూపించమనాలి, లేకపోతే కొట్టేసినవి అంచుల్లోని బెలూన్లలోకి పోతాయి. “నా ఫైల్‌లో ఏమీ చెప్పడం లేదు” అనే వాళ్లలో ఎక్కువ మందికి అడ్డం ఈ రెండే.

మార్పులు మరీ దట్టంగా ఉంటే సే ఆల్‌తో, అంటే ఆగకుండా చదివించుకుంటూ, వినడం తలనొప్పి. ముందు నో మార్కప్ పెట్టి చివరి రూపం ఒకసారి వినేస్తాను. ఆ తర్వాత ఆల్ మార్కప్ పెట్టి, ఎన్‌వీడీఏ స్పేస్‌తో బ్రౌజ్ మోడ్‌లోకి పోయి, ఎ అక్షరం నొక్కుతూ ఒక్కో మార్పు మీదికి దూకుతాను. మొత్తం జాబితా కావాలంటే ఎన్‌వీడీఏ, ఎఫ్7. అందులో యానొటేషన్లు (మార్పులు, కామెంట్లు) ఎంచుకుంటే ఎవరు ఏం మార్చారో పేరుతో సహా వస్తుంది. ఇద్దరు ముగ్గురు దిద్దిన ఫైల్‌కు ఇది ప్రాణం.

ఇక డాక్స్. ముందు కంట్రోల్, ఆల్ట్, జెడ్‌తో స్క్రీన్ రీడర్ సపోర్ట్ వేసుకుని, ఎన్‌వీడీఏను ఫోకస్ మోడ్‌లో, అంటే కీలు నేరుగా డాక్స్‌కే పోయేలా, ఉంచాలి. కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని ఎన్, ఆ వెంటనే సి నొక్కితే తర్వాతి కామెంట్‌కు పోవచ్చు. సజెషన్ల మీదికి, అంటే డాక్స్‌లో దిద్దుబాట్ల మీదికి, కూడా ఇలా పోవచ్చు. సజెషన్ కార్డులో ఫలానా మాట బదులు ఫలానా మాట అని రెండూ కలిపి చెబుతుంది, ఎవరు పెట్టారో చెబుతుంది. ఇంతవరకు శుభ్రంగా ఉంటుంది. చుట్టూ ఉన్న వాక్యం మాత్రం ఆ కార్డులో ఉండదు. మళ్లీ డాక్యుమెంట్‌లోకి వచ్చి, ఆ లైను విని, తిరిగి కార్డుకు పోవాలి. నాలుగైదు సజెషన్లయితే పర్వాలేదు, థీసిస్ అధ్యాయమంతా ఇలాగే తిరగాలంటే ఓపిక చాలదు.

కామెంట్ల మీద వాదన నడిచేటప్పుడు మాత్రం డాక్స్‌దే పైచేయి. గైడ్ అడగడం, మనం జవాబివ్వడం, ఆయన మళ్లీ అడగడం, ఈ దారమంతా ఒక్కచోట వరుసగా ఉంటుంది. వర్డ్ కొత్త కామెంట్లలోనూ దారం ఉంటుంది. మాట మీద ఉండి ఆల్ట్, ఎఫ్12 కొడితే కామెంట్‌లోకి పోతాం, ఎస్కేప్ కొడితే తిరిగి వస్తాం. కానీ ఫైల్ వాట్సాప్‌లో అటూ ఇటూ తిరిగి ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘లాస్ట్ ఫైనల్’ అయ్యాక ఆ దారం తెగిపోతుంది. డాక్స్‌లో ఇంకో చిక్కుంది. మనం వింటుండగానే అవతలి వాళ్లు పైన పేరా చెరిపేస్తే కింద అంతా కదులుతుంది. లైవ్ ఎడిట్స్ ప్యానెల్ తెరిచి ఎవరేం చేశారో వినవచ్చు గానీ, అప్పటికే చదివే తాడు తెగి ఉంటుంది.

తెలుగుకు మాత్రమే ఉన్న ఇబ్బంది ఒకటుంది, అది రెండింట్లోనూ వదలదు. రొయ్యల చెరువుల మీద రాసిన వ్యాసంలో ‘కూలి పెరిగింది’ అనేది ‘కూలీ పెరిగింది’ అయిందనుకోండి. మొదటిది డబ్బు, రెండోది మనిషి. దిద్దేవాళ్లు బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొడితే పోయేది గుడి మాత్రమే, అక్షరం అలాగే ఉంటుంది. గుడి పోయిందని, గుడిదీర్ఘం వచ్చిందని ప్రోగ్రాం విడివిడిగా గుర్తు పెడుతుంది. అక్షరం తోడు లేని గుణింతపు గుర్తును తెలుగు గొంతు సరిగా పలకలేదు, ఒక్కోసారి మింగేస్తుంది. వర్డ్‌లో కనీసం పక్కనే ఉన్న ‘పెరిగింది’ చెవిన పడి ఏదో తేడా ఉందని అనుమానం వస్తుంది. డాక్స్ కార్డులో ఒక గుర్తు బదులు ఇంకో గుర్తు అంటే ఏ మాటో కూడా తెలియదు. అందుకే గైడ్‌నో ఎడిటర్‌నో ముందే అడగండి: “సార్, అక్షరం కాదు, మాట మొత్తం కొట్టేసి మళ్లీ రాయండి.” ఎవరూ కాదనరు, వాళ్లకది రెండు సెకన్ల పని.

మొత్తం మీద, దిద్దుబాట్లు ఒప్పుకోవాలా కాదా అని తేల్చే పనికి నేను వర్డ్, ఎన్‌వీడీఏ జోడీకే పోతాను. నెట్ లేకపోయినా నడుస్తుంది. చర్చ ఎక్కువ, దిద్దుబాటు తక్కువ అయితే డాక్స్.

డబ్బు పెట్టి కొనాల్సిన ఇంకో స్క్రీన్ రీడర్ జాస్‌తోనూ వర్డ్ పని చక్కగా అవుతుంది, కామెంట్ల జాబితా కంట్రోల్, షిఫ్ట్, అపాస్ట్రఫీకే వస్తుంది. డబ్బు పెట్టగలిగితే తీసుకోండి. లైసెన్సు లేకుండా 40 నిమిషాలకు ఆగిపోయే జాస్‌తో థీసిస్ దిద్దుకోవడం అయ్యే పని కాదు. లిబ్రే ఆఫీస్‌లో మేనేజ్ ఛేంజెస్ విండో జాబితా బాగానే ఇస్తుంది, వర్డ్ లేని వాళ్లకు సరిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ కామెంట్ చదివి వినడానికి మాత్రమే.

డీటీపీ సెంటర్‌లో ట్రాక్ ఛేంజెస్ వేయకుండానే దిద్ది ఇచ్చేస్తే ఏం చేయాలని కూడా అడుగుతున్నారు. మీ పాత ఫైల్ మీ దగ్గర ఉంటే వర్డ్ రివ్యూలో కంపేర్‌కు రెండూ ఇవ్వండి, తేడాలన్నీ ట్రాక్ చేసినట్టే వస్తాయి. కాకపోతే వాళ్లు దాన్ని యూనికోడ్ కాని అను ఫాంట్లలోకి మార్చి ఉండకూడదు. మార్చి ఉంటే మన స్క్రీన్ రీడర్‌కు వినిపించేది అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలే. యూనికోడ్‌లోనే దిద్దమని ఫైల్ ఇచ్చేటప్పుడే చెప్పండి.