చీరపేలు పట్టిన బట్టలను కాదనకుండా తీసుకున్న చిక్కడపల్లి లాండ్రీ

మా పెదనాన్న అంబర్‌పేటలో పాత ఇంట్లో ఒక్కరే ఉండేవారు, పెద్దమ్మ పోయి మూడేళ్లయింది. డిసెంబర్‌లో బాత్రూంలో జారిపడి తుంటికి దెబ్బ తగిలింది, మంచం దిగడమే కష్టమైంది. చూసుకుంటానని ఒప్పుకున్న మనిషి పూటకింత అన్నం పెట్టి వెళ్లిపోయేవాడట. స్నానం లేదు, బట్టలు మార్చింది లేదు, చలికి అదే స్వెట్టర్, అదే దుప్పటి. ఫోన్ చేస్తే మాత్రం "బానే ఉన్నానమ్మా" అనేవారు. ఫిబ్రవరిలో వెళ్లి చూసి ఆ రోజే మా ఇంటికి తెచ్చేసుకున్నాం.

వచ్చిన దగ్గర్నుంచి నడుము, భుజాలు గోక్కుంటూనే ఉన్నారు. చలికి చర్మం పొడిబారిందేమో అనుకున్నాను. డాక్టర్ గారు ఒంటి మీద ఎర్రటి గాట్లు ఒకసారి చూసి, తర్వాత బనియన్ అంచు తిరగేసి చూశారు, చూడగానే చీరపేలు అన్నారు. ఇంటికొచ్చి ఆ బనియన్‌ను కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూశాను. చంక కింద కుట్టు వెంబడి బొంబాయి రవ్వ పలుకుల్లాంటి లేత పసుపు గుడ్లు, దారానికి అంటుకుని వరసగా ఉన్నాయి, గోటితో గీకినా రావడం లేదు. మడత లోపల నువ్వుగింజంత పేను మెల్లగా పాకుతోంది. పెదనాన్న నా వైపు చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చున్నారు. అది గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

తల పేలు అందరికీ తెలుసు, స్కూలుకెళ్లే పిల్లలున్న ఇంట్లో మామూలే. ఇవి వేరు. తల పేలు జుట్టులోనే ఉండి అక్కడే ఈపులు పెడతాయి, కింద పడితే ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతాయి. చీరపేలు మాత్రం కాపురం ఉండేది బట్టల్లో, గుడ్లు పెట్టేది కుట్లలో, ఒంటి మీదికొచ్చేది రక్తం తాగడానికే. అందుకే డాక్టర్ గారు దురదకు పూత మందు ఒక్కటే రాసి, రోజూ స్నానం చేయించండి, శుభ్రమైన బట్టలు మార్చండి, అసలు పని బట్టల దగ్గరే ఉంది అన్నారు. టైఫస్ జ్వరం ఈ చీరపేల వల్లే పాకుతుందని 1909లో చార్లెస్ నికోల్ అనే ఫ్రెంచ్ డాక్టర్ కనిపెట్టాడని, దానికి 1928లో నోబెల్ వచ్చిందని ఆ రాత్రి చదివి ఒకటే టెన్షన్ పడ్డాను. మర్నాడు మళ్లీ డాక్టర్ గారిని అడిగితే జ్వరం లేదుగా, భయపడకండి, బట్టల సంగతి మాత్రం నానబెట్టకండి అన్నారు.

ముందు ఇంట్లోనే ప్రయత్నించాను. గీజర్ నీళ్లు బకెట్‌లో పట్టి సర్ఫ్ వేసి రెండు లుంగీలు నానబెట్టాను, కానీ కాసేపటికే నీళ్లు గోరువెచ్చగా అయిపోయాయి, ఆరాక చూస్తే గుడ్లు ఎక్కడివక్కడే. కనీసం 54 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికి, వేడి డ్రైయర్‌లో ఆరబెట్టాలని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది, బకెట్‌లో అంత వేడి నిలవదు. పక్కింటావిడ కిరసనాయిలు పుయ్యమన్నారు, ఇంకొకరు ఇల్లంతా పురుగుల మందు కొట్టించమన్నారు. మంచం మీద ఉన్న పెద్దాయన గదిలో ఆ మందులు దయచేసి వాడకండి. వేడితో పోయేదానికి విషం ఎందుకు?

ఫోన్‌లో బుక్ చేస్తే ఇంటికొచ్చి బట్టలు తీసుకెళ్లే ఒక సర్వీసు అబ్బాయికి ఉన్న విషయం చెప్పాను, సంచి ముట్టుకోకుండా వెళ్లిపోయాడు. మా వీధిలోని లాండ్రీ ఆయన మొహం మీదే వద్దన్నాడు. చెప్పకుండా ఇచ్చేయొచ్చు కదా అని మా ఆయన అన్నారు, కానీ అదే కౌంటర్ మీద ఇంకొకరి పసిపిల్ల బట్టలు ఉంటాయి, నాకు మనసొప్పలేదు.

మూడోది ఈ షాపు. సెంట్రల్ లైబ్రరీ దాటాక లోపలి గల్లీలో ఉంది, చిన్న గది, మూడు మెషీన్లు, రెండు డ్రైయర్లు, బయట ఇస్త్రీ బల్ల. చెప్పింది విని ఓనరు గారు మొహం చిట్లించలేదు. ఉన్ని, పట్టు బట్టలు ఏమైనా ఉన్నాయా అని మాత్రం అడిగారు. రెండు మందపాటి ప్లాస్టిక్ సంచులు చేతికిచ్చి, "ఇంటి దగ్గరే మూతి గట్టిగా కట్టి తేండమ్మా, ఇక్కడ విప్పేది నేనే, మా పిల్లలతో ముట్టనివ్వను" అన్నారు. రాత్రి మిగతా వాళ్ల బట్టలన్నీ అయిపోయాక ఇవి విడిగా వేశారు, 60 డిగ్రీల వాష్, తర్వాత డ్రైయర్ ఫుల్ హీట్. స్వెట్టర్ వేడి నీళ్లకు ముడుచుకుపోతుందని డ్రైక్లీనింగ్‌కు పెట్టారు.

నాకు బాగా నచ్చింది ఇస్త్రీ. బట్టలు తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఇంకా కొన్ని మిగిలి ఉంటే నిలబడి చూశాను. బనియన్ లోపలి వైపుకు తిప్పి, కుట్టు మీద నీళ్లు చిలకరించి, పెట్టె మొన కుట్టు మీదే ఆనించి అంగుళం అంగుళం జరిపారు, ఆవిరి బుస్సుమని లేచేది. చంక కుట్టు, మెడ పట్టీ, లాల్చీ పక్క చీలికలు, పైజామా బొందు దూర్చే మడత, ఒక్కటీ వదల్లేదు. వాళ్ల తాతగారు చౌడు వేసి బానలో బట్టలు ఉడకేసేవారట, ఆ రోజుల్లో ఏ ఇంటి బట్టల్లో ఏం ఉన్నా ఆ ఉడుకులో పోయేదని చెప్పారు.

లోపాలు కూడా చెప్పాలి. రెండు రోజులన్నది నాలుగు రోజులైంది, మధ్యలో ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఇంట్లో పెద్దాయనకు మా ఆయన లుంగీలే కట్టాల్సి వచ్చింది. ఒక నీలం లుంగీ రంగు దిగి రెండు దిండు గలీబులకు అంటింది, అడక్కముందే వాళ్లే చూపించి ఆ రెంటికీ డబ్బు తీసుకోలేదు. కిలో 110 రూపాయలు, మావి 14 కిలోలు, దుప్పట్లు రెండు విడిగా 250 చొప్పున, స్వెట్టర్ 180, మొత్తం 2,220 అయింది. మామూలు ఉతుక్కి ఎక్కువే, ఈ పనికి మాత్రం ఎక్కువనిపించలేదు. మంగళవారం సెలవు.

పరుపు అంబర్‌పేట ఇంట్లోనే వదిలి తాళం వేశాం. మనిషి రక్తం దొరక్కపోతే ఈ పేలు వారంలోపే చస్తాయి, గుడ్లు పొదిగి పిల్లలొచ్చినా అంతే, అందుకని నెల దాకా ఆ గది తెరవలేదు.

ఇంక పెద్దమ్మ శాలువా. ఆ రెండు నెలలూ పెదనాన్న అదే కప్పుకున్నారు, మెషీన్‌లో వేస్తానంటే ఒప్పుకోలేదు, డ్రైక్లీనింగ్ అన్నా ఎక్కడ పోతుందోనని భయం. ఓనరు గారే దారి చెప్పారు, గాలి పోకుండా ప్లాస్టిక్ కవర్లో కట్టి రెండు వారాలు అటకెక్కించమని. పదిహేనో రోజున బాల్కనీలో విప్పి, టార్చి వేసి అంచులన్నీ వెతికాను, కదిలేది ఒక్కటీ లేదు. ఎండిన గుడ్డు పొట్టు కొంచెం ఉంటే మెత్తటి బ్రష్‌తో దులిపి ఇచ్చాను.

గోకుడు తగ్గి ఇప్పటికి నెలైంది. పోయిన ఆదివారం మామూలు ఉతుకు బట్టలు ఇవ్వడానికి బయల్దేరుతుంటే పెదనాన్న కూడా కర్ర పట్టుకుని ఆ శాలువా భుజాన వేసుకుని వచ్చారు. ఓనరు గారు ఇస్త్రీ బల్ల పక్కన కుర్చీ వేసి, "కూర్చోండి సార్" అని చాయ్ తెప్పించారు. ఇద్దరూ పాత అంబర్‌పేట కబుర్లలో పడ్డారు, నేనే రెండుసార్లు వెళ్దామా అని అడగాల్సి వచ్చింది.