సూది, మాత్ర, సెలైన్: నేను వాడిన మూడు ఎంఎస్ మందులు

ఇంటర్‌ఫెరాన్ బీటాను పాతచింతకాయ పచ్చడిలా తీసిపారేసేవారంటే నాకు ఒళ్లుమంట. ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పొరను దెబ్బతీసే జబ్బు) దాడులను తగ్గించే మందుల్లో మొదట అనుమతి పొందింది అదే, 1993లో అమెరికాలో. ఇన్నేళ్ల వాడకంతో దాని గుణదోషాలు డాక్టర్లకు కొట్టినపిండి. కాకపోతే సూది వేసుకున్న రాత్రి చలి, కీళ్లనొప్పులు, తెల్లవారేసరికి దిండు తడిసేంత చెమట. ముందే పారాసిటమాల్ మింగి పడుకునేవాడిని. అది వాడుతుండగానే ఎడమ కన్ను మసకబారింది, ఎంఆర్ఐలో కొత్త మచ్చలు తేలాయి. మందు మార్చారు.

తర్వాత డైమిథైల్ ఫ్యూమరేట్, రోజుకు రెండుసార్లు 240 మిల్లీగ్రాములు. సూది బాధ తప్పింది. కానీ మాత్ర వేసుకున్న కాసేపటికి చెవులు, మెడ ఎర్రబడి భగ్గుమనేవి. ఎదుటివారు నాకు కోపం వచ్చిందనుకునేవారు. నిండు కడుపున వేసుకుంటే కొంత నయం. రిలాప్స్, అంటే జబ్బు దాడి, మళ్లీ రాలేదు. అయితే రక్తపరీక్షల్లో లింఫోసైట్లు (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు) పడిపోయి తిరిగి లేవలేదు. అలా వదిలేస్తే పీఎంఎల్ అనే ప్రమాదకరమైన మెదడు ఇన్ఫెక్షన్ రావచ్చు కాబట్టి, బాగా పనిచేస్తున్న మందునే ఆపేయాల్సి వచ్చింది.

ఇక్కడే శాతాల గోల. ఒక మందు రిలాప్స్‌లను సగం తగ్గిస్తుందని, ఇంకొకటి మూడో వంతేనని పక్కపక్కన రాసి తీర్పు చెప్పేస్తుంటారు. ఆ అంకెల్లో చాలావరకు డమ్మీ మందుతో పోల్చినవి, వేర్వేరు కాలాల్లో, వేర్వేరు రోగులపై తీసినవి. వాటిని ఒకే తక్కెడలో తూచడం కుదరదు. ముఖాముఖి పోటీ పెట్టిన ప్రయోగాలనే నేను నమ్ముతాను. సెలైన్‌లా నరానికి ఎక్కించే ఓక్రెలిజుమాబ్‌ను ఇంటర్‌ఫెరాన్ బీటా-1ఎతో నేరుగా పోల్చిన ఒపెరా ప్రయోగాల్లో ఏడాదికి సగటు రిలాప్స్‌లు మొదటిదానితో 0.16, రెండోదానితో 0.29గా తేలాయి.

ఇప్పుడు వాడుతున్నది ఆ ఓక్రెలిజుమాబే. మొదటి మోతాదును రెండు వారాల తేడాతో 300 మిల్లీగ్రాముల చొప్పున, ఆపైన ఆరు నెలలకోసారి 600 చొప్పున ఎక్కిస్తారు. మొదటిసారి గొంతులో దురద మొదలవగానే నర్సు చుక్కల వేగం తగ్గించింది, సర్దుకుంది. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి. కావలసిన టీకాలూ ముందే వేయించుకోవడం మేలు.

ఫింగోలిమాడ్ అనే మరో ఎంఎస్ మందు వాడలేదు కనుక దానికి మార్కులు వేయను. ఇంటర్‌ఫెరాన్‌కు ఐదుకు రెండున్నర, ఫ్యూమరేట్‌కు మూడున్నర, ఓక్రెలిజుమాబ్‌కు నాలుగు. ఆ మిగిలిన ఒక్కటీ ఎందుకు కోశానంటే, ఇది మొదలైనప్పటి నుంచి జలుబు పట్టుకుంటే వారాల తరబడి వదలడం లేదు.