నాలుగు యూరోల ఇటాలియన్ క్రియల పుస్తకం: ఏడేళ్ళ వాడకం తర్వాత

2018 మార్చిలో ఇటలీలోని టూరిన్‌లో, వీయా పో వీధి వసారాల కింద ఉండే పాత పుస్తకాల బల్లల దగ్గర నాలుగు యూరోలిచ్చి ఒక చిన్న పుస్తకం కొన్నాను. మొత్తం ఇటాలియన్ క్రియల పట్టికలే. అరచేతి కంటే కాస్త పెద్దది, పేజీకో క్రియ. ఎవరు వేశారో చెప్పను, చెప్పినా తేడా ఉండదు. ఇలాంటివి ఇక్కడ చాలా రకాలు దొరుకుతాయి, నేను తిరగేసినవన్నీ ఇంచుమించు ఒకే అచ్చు. మా ఆయన చదువు కోసం అంతకు ఏడాది ముందే వచ్చాం. ఆయన క్లాసులన్నీ ఇంగ్లీషులోనే. కూరగాయలు, డాక్టరు, ఇంటాయన, తర్వాత అమ్మాయి స్కూలు నా వంతు. దాంతో ఇటాలియన్ కూడా నా వంతే అయింది.

ఇటాలియన్‌లో క్రియలు మూడు గుంపులు. చివర 'ఆరె' వచ్చేవి, 'ఎరె' వచ్చేవి, 'ఇరె' వచ్చేవి. ఒక్కో క్రియకి ఏడు మూడ్లు (ఉన్నది చెప్పడం, ఆజ్ఞాపించడం, ఊహించడం లాంటి తీరులు), అన్నీ కలిపి 21 కాలాలు. కొన్న రోజు రాత్రి కూర్చుని 'పర్లారె', అంటే మాట్లాడటం, ఎన్ని రూపాలుగా మారుతుందో లెక్కపెట్టాను. 95 వచ్చాయి. పుస్తకం మూసి పడుకున్నాను.

ముందు తిట్టవలసినవి తిట్టేస్తాను.

'నేను వచ్చాను' అనడానికి పుస్తకంలో 'సొనొ అర్రివాతొ' అని ఉంది. ఆర్నెల్లపాటు అదే అన్నాను. రొట్టెల కొట్టు ఆవిడ ఒకరోజు నవ్వుతూ, 'అర్రివాత, సిన్యోరా, అర్రివాత' అంది. మగవాడైతే 'తొ', ఆడమనిషైతే 'త', ఇద్దరు ముగ్గురైతే 'తి', అందరూ ఆడవాళ్ళైతే 'తె'. పుస్తకం మగవాడి రూపం ఒక్కటే అచ్చేసి ఊరుకుంది. మన చెవి కూడా ఇక్కడ కాపాడదు. 'వచ్చాడు, వచ్చింది' అని ఎదుటివాళ్ళ గురించి చెప్పేటప్పుడు తేడా చూపిస్తాం గానీ, 'నేను వచ్చాను' ఎవరన్నా ఒకటే కదా. అంటే ఆర్నెల్లు నేను మగవాడిలా మాట్లాడాను, ఎవరూ ఏమీ అనలేదు. 'ఎస్సెరె' (ఉండటం) అనే సాయక్రియతో వచ్చే ప్రతి క్రియకీ ఇదే తంతు. 'అవేరె' (కలిగి ఉండటం) సాయంతో వచ్చేవాటికి ఈ గొడవ లేదనుకుంటే, ఆపిల్ పళ్ళ గురించి 'వాటిని కొన్నాను' అనాలంటే 'లె ఓ కొంప్రాతె' అనాలి. పళ్ళు స్త్రీలింగం మరి. పట్టికలో దీని ఊసే లేదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. మాటలో ఏ అక్షరాన్ని నొక్కి పలకాలో పుస్తకం చూపించదు. 'పర్ల్యామొ' (మాట్లాడతాం) లాంటి మాటలకి అలవాటుపడ్డ చెవికి, 'వాళ్ళు మాట్లాడతారు' అన్న మాటని కూడా మధ్యలో నొక్కి 'పర్లానొ' అనాలనిపిస్తుంది. అది 'పార్లనొ'. ఫోన్ చేస్తారు అంటే 'తెలేఫొననొ', ఉంటారు అంటే 'ఆబితనొ'. తప్పు చోట నొక్కితే ఇటాలియన్‌వాళ్ళు మొహం అలాగే పెట్టుకుని చూస్తారు, అర్థం కాక.

దీనికి మందు నేనే కనిపెట్టుకున్నాను. ప్రతి పేజీ అంచున పెన్సిలుతో అదే పట్టిక తెలుగు లిపిలో రాసుకుని, నొక్కాల్సిన చోట దీర్ఘం పెట్టాను. పైగా ఇంకో లాభం బయటపడింది. 'పగారె', అంటే డబ్బు కట్టడం, దగ్గర పుస్తకం ఒక హెచ్చరిక వేస్తుంది: కొన్ని రూపాల్లో మధ్యలో 'హెచ్' చేర్చాలట. తెలుగులో రాస్తే పాగొ, పాగి, పాగ. హెచ్చూ లేదు, హెచ్చరికా అక్కర్లేదు. ఉన్న శబ్దం ఉన్నట్టే ఉంది. చెర్కారె, అంటే వెతకడం, కూడా అంతే: చెర్కొ, చెర్కి, చెర్క. దీనికి తలకిందులుగా, పుస్తకం మామూలు క్రియ అన్నట్టు వదిలేసిన 'లెడ్జెరె', అంటే చదవడం, తెలుగులో రాసేసరికి లెగ్గొ, లెడ్జి అని రెండు శబ్దాలు బయటపడ్డాయి. అసలు మార్పు ఉన్నదిక్కడ! ఇంకోటి, వాళ్ళ 'త', 'ద' మనవే. ఇంగ్లీషు అలవాటుతో 'ట', 'డ' అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇక అసలు సంగతి. పట్టిక రూపం ఇస్తుంది, ఎప్పుడు వాడాలో చెప్పదు. 'అందావొ' అని ఒకటి, 'సొనొ అందాత' అని ఒకటి ఉంటాయి, రెండూ 'వెళ్ళాను' అనే అనిపిస్తాయి. ఇంగ్లీషులో దీనికి జవాబు వెతుక్కున్నంత కాలం తలనొప్పే మిగిలింది. ఒకరోజు అమ్మతో ఫోన్‌లో 'చిన్నప్పుడు వేసవి సెలవులకి తెనాలి వెళ్ళేదాన్ని' అంటుండగా తట్టింది: 'వెళ్ళేదాన్ని' అంటే అందావొ, 'వెళ్ళాను' అంటే సొనొ అందాత. అంతే. 'లొ సపేవొ' అంటే నాకు ముందే తెలుసు, 'లొ సపూతొ' అంటే నాకు తెలిసింది. ఒకే క్రియ, రెండు కాలాలు. మనం కూడా 'తెలుసు', 'తెలిసింది' అని ఎంత జాగ్రత్తగా వేరు చేస్తాం!

ఆ తర్వాత పుస్తకాన్ని తెలుగుతోనే చదివాను. వాళ్ళ భవిష్యత్తు కాలాన్ని ఊహకి కూడా వాడతారు. 'సరా ఆ కాజ' అంటే, ఈపాటికి ఇంట్లో ఉంటాడు. 'సరా అర్రివాతొ' అంటే, చేరి ఉంటాడు. మనం ఎలా అంటామో అచ్చం అలాగే. 'పర్లాందొ' మన 'మాట్లాడుతూ', 'అవేందొ మంజాతొ' మన 'తిని'. స్కూల్లో శత్రర్థకం, క్త్వార్థకం అని బట్టీ పట్టి మర్చిపోయినవి ఇన్నేళ్ళకి పనికొచ్చాయి. అమ్మాయిని 'పరిగెత్తొద్దు' అనాలంటే 'నోన్ కొర్రెరె'. ఆజ్ఞార్థకం గడిలో వెతికితే దొరకదు, ఎందుకంటే అది కాదనే మాటకి ముడి రూపం తగిలించడమే. మన 'వద్దు' ముందు కూడా అంతే కదా. 'మి ప్యాచె' అంటే నాకు నచ్చుతుంది. 'నాకు' అనే మొదలుపెడతారు. ఇంగ్లీషు నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ తడబడతారు, మనకి ఇది పుట్టింటి భాషలా ఉంటుంది.

'తెలిసి ఉంటే వచ్చి ఉండేదాన్ని' అనే వాక్యం ఎంతో ఇష్టపడి నేర్చుకున్నాను: 'సె లొ అవెస్సి సపూతొ, సరేయి వెనూత'. రెండు కాలాలు, రెండు మూడ్లు, అన్నీ సరిగ్గా కుదిరాయని మురిసిపోయాను. మర్నాడు పక్కింటావిడ తలుపు దగ్గర నిలబడి 'సె లొ సపేవొ, వెనీవొ' అంది. అంటే అదే. రెండు వైపులా ఆ 'అందావొ' కాలమే పడేసి తేల్చేసింది. మాటల్లో అందరూ అలాగే అంటారట, రాతలో మాత్రం తప్పట.

కొంజుంతీవొ, అంటే అనుకునేవీ కోరుకునేవీ చెప్పే మూడ్, దగ్గర తెలుగు కూడా చేతులెత్తేసింది. 'అనుకుంటాను' అన్న తర్వాత క్రియ ఎందుకు మారాలి? మనకలాంటిది లేదు. చాలా నెలలు ఆ గడులు దాటవేశాను. కానీ రోజూ వింటూనే ఉన్నానని తర్వాత తెలిసింది. కొట్లో అడుగు పెట్టగానే 'మి దీక' అంటారు, అంటే చెప్పండి. స్నేహితురాలైతే 'దిమ్మి', చెప్పు. ఆ 'దీక' కొంజుంతీవొ రూపమే. 'స్కూజి', 'సెంత', 'వెంగ' అన్నీ అంతే. మన 'అండి' వాళ్ళకి ఆ మూడ్‌లో దాక్కుంది. పుస్తకంలో కొంజుంతీవొ గడిలోనూ ఆజ్ఞార్థకం గడిలోనూ ఒకే మాట ఉంది గానీ, అది ఒకటేనని ఎక్కడా చెప్పదు.

భవిష్యత్తు కాలం, కొందిత్సియొనాలె ('చేసేవాళ్ళం' అనే షరతు మూడ్) పక్కపక్క గడుల్లో చిన్న అక్షరాల్లో వేశారు. దాంతో నాకు ఒక పరువు తక్కువ పని జరిగింది. అద్దె ఆలస్యమైతే ఇంటాయనకి మెసేజ్ పెట్టాను, సోమవారం కడతాం అని. 'పగెరేమొ' అని రాయాల్సింది 'పగెరెమ్మొ' అని రాశాను. పది నిమిషాల్లో ఫోన్. 'కట్టేవాళ్ళమే అంటున్నారు, మరి ఏమొచ్చింది అడ్డం?' అని. ఒక్క 'మ' ఒత్తు. కలకీ కల్లకీ తేడా తెలిసిన చెవి మనది, వినేటప్పుడు ఎప్పుడూ పొరపాటు పడలేదు. పుస్తకం చూసి రాసేటప్పుడే కన్ను పక్క గడిలోకి జారింది.

పస్సాతొ రెమోతొ, అంటే ఎప్పుడో జరిగినదానికి వాడే దూర గతకాలం, గురించి ఎక్కువ బెంగ అక్కర్లేదు. టూరిన్‌లో మాటల్లో వినిపించదు. అమ్మాయి స్కూలు పుస్తకాల్లో ఉంటుంది: దాంతే 1265లో ఫ్లోరెన్స్‌లో పుట్టాడు, 'నాక్వె'. మా కింది అంతస్తులో సిసిలీ పెద్దావిడ మాత్రం పొద్దున జరిగినదానికి కూడా అదే కాలం వాడుతుంది. భయపెట్టే ఆరు రూపాల్లో సాధారణంగా మూడే వంకర: నేను, అతను, వాళ్ళు. 'ప్రెందెరె', అంటే తీసుకోవడం, దగ్గర: ప్రేజి, ప్రేజె, ప్రేజెరొ. మిగతా మూడూ బుద్ధిగా ఉంటాయి. ఇది కనిపెట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది, ఎందుకంటే పుస్తకం అన్నింటినీ ఒకే నల్ల సిరాతో వేసింది. త్రపస్సాతొ రెమోతొ అని, ఆ దూర గతం కంటే ముందు జరిగినదానికి, ఇంకోటుంది, దాన్ని ఎవరైనా అనగా నేనింతవరకూ వినలేదు. అయినా ప్రతి పేజీలో ఆరు గడులు తింటుంది. 'అతను'కి ఎవరూ నోటితో అనని 'ఎల్యి' అనే మాట వేయడం కూడా ఆ పాతకాలం పద్ధతే.

ఇప్పుడు ఫోన్‌లో క్రియ కొడితే క్షణంలో పట్టిక వస్తుంది కదా అంటారు. వస్తుంది, నేనూ వాడతాను. కొన్ని సైట్లు నొక్కు గుర్తులు కూడా పెడతాయి, ఆ మేరకు నా పుస్తకం కంటే నయం. కానీ అడిగిన ఒక్క రూపం చూసి మూసేస్తాం, గంటకి మళ్ళీ అదే వెతుకుతాం. పుస్తకంలో నేను అడ్డంగా చదివేదాన్ని: రోజుకి ఒక కాలం, పది క్రియలు. అందారె (వెళ్ళడం), వెనీరె (రావడం), వొలేరె (కావాలనుకోవడం), పొతేరె (చేయగలగడం) భవిష్యత్తులో అంద్రొ, వెర్రొ, వొర్రొ, పొత్రొ అవుతాయని వరసగా చూస్తేనే, అదే మొదలు మీద 'వొర్రేయి' (నాకు కావాలండి) నిలబడుతుందని పట్టుబడుతుంది. పౌరసత్వానికి 2018 డిసెంబర్ నుంచి బి1 స్థాయి (రోజువారీ సంగతులు సొంతంగా మాట్లాడగలిగే మెట్టు) ఇటాలియన్ వచ్చని చూపించడం తప్పనిసరి చేశారు. రెండేళ్ళ క్రితం నేను దానికి పరీక్ష రాసింది ఆ అడ్డం చదువుతోనే. రాత పేపర్లో గత సెలవుల గురించి ఉత్తరం వచ్చింది. వెళ్ళేదాన్ని, వెళ్ళాను, అని తెలుగులో అనుకుంటూ నింపేశాను.

కుట్టు మాత్రం నాసిరకం. 'అందారె' పేజీ మూడో ఏడాదే ఊడొచ్చింది. 'దొవేరె' పేజీ మీద పసుపు మరక. 

కొత్తగా వచ్చేవాళ్ళు కొనాలా అంటే, మొదటి మూడు నెలలు వద్దు, మి దీకలు వింటూ గడపండి. ఆ తర్వాత బల్లల దగ్గరికి వెళ్ళి, ఏ పుస్తకమైనా తీసి 'అందారె' పేజీ తెరవండి. గతకాలం దగ్గర 'అందాతొ' పక్కన 'అందాత' ఉందా, 'తెలేఫొననొ'లో నొక్కు గుర్తు ఉందా చూడండి. రెండూ ఉంటే పది యూరోలన్నా ఇవ్వచ్చు. లేకపోతే నాలుగు దాటొద్దు.