పడవ వెనక లాగే చేతి గాలం: నాలుగు శీతాకాలాలు వాడాక

విశాఖ నుంచి కాకినాడకు తెరచాప మీద దిగితే దాదాపు 70 నాటికల్ మైళ్ళు. డిసెంబరు, జనవరిల్లో ఈశాన్యపు గాలి వెనక నుంచి తోస్తుంటే గంటకు నాలుగైదు మైళ్ళు తేలిగ్గా సాగుతుంది. ఎర లాగడానికీ అదే తగిన వేగం. మూడు మైళ్ళకు తగ్గితే రేకు చెంచా ఎర ఆడకుండా మునిగిపోతుంది, ఏడు దాటితే నీటిపైకి లేచి గెంతుతుంది.

రాడ్డూ రీలూ కొనాలా అంటే, ఈ దారికి అక్కర్లేదు. సన్నటి తాడు మీద చేపను ఆడించి అలసట తెప్పించాలంటే పడవ ఆగాలి, వెనక గాలికి పోయే తెరచాప పడవను ఆపడం చిన్న పని కాదు. లావు తాడున్న చేతి గాలమైతే పడవ నడుస్తుండగానే చేపను లోపలికి లాగేయొచ్చు.

మేం వాడుతున్న అమరిక ఇది. ప్లాస్టిక్ చక్రానికి చుట్టిన 2 మి.మీ. నైలాన్ తాడు 40 మీటర్లు, దాని కొసకు బాల్ బేరింగ్ స్వివెల్ (తాడు మెలిపడకుండా తిరిగే కీలు), ఆపైన నాలుగు మీటర్ల 1.2 మి.మీ. మోనో తీగ (ఒంటిపోగు నైలాన్), చివర ఒక అడుగు స్టీలు వైరు, దానికి 12 సెం.మీ. ప్లాస్టిక్ కండవ (స్క్విడ్) ఎర. అమరం (పడవ వెనక కొస) దగ్గర తాడును నేరుగా కట్టకుండా మధ్యలో మీటరు పొడవు లావు రబ్బరు తాడు పెట్టాలి, చేప కొట్టిన దెబ్బను అదే మింగుతుంది. ఆ రబ్బరు పక్కనే కాస్త వదులుగా మామూలు తాడు ముక్క కూడా రెండు కొసలకీ కట్టి ఉంచితే, రబ్బరు తెగినా గాలం పోదు.

పాడయ్యేది ముందుగా రబ్బరే. ఎండకీ ఉప్పుకీ రెండో సీజనుకల్లా పగుళ్ళు పడతాయి. సాగదీసి చూస్తే కనబడతాయి, ఊరికే చూస్తే కనబడవు. తర్వాతి వంతు స్వివెల్‌ది. చవకరకం ఉప్పుకి బిగుసుకుపోతుంది, ఎర తిరిగిన ప్రతి మెలికా తాడుకెక్కి, వదులు చేయగానే గుట్టలా ముడిపడుతుంది. స్టీలు వైరు మీద అల్యూమినియం స్లీవు (వైరు కొసను మడిచి బిగించే చిన్న గొట్టం) నొక్కడం ఇంకో పొరపాటు. ఉప్పునీళ్ళలో ఆ రెండు లోహాలకూ పడదు, అల్యూమినియం తెల్లగా పొడిపొడి అయిపోతుంది. వైరుకి రాగి స్లీవు, మోనోకి అల్యూమినియం స్లీవు. దుకాణంలో రెండూ ఒకే పెట్టెలో కలిపి ఇస్తారు, చూసి తీసుకోండి.

వైరు ఉండాలా వద్దా అంటే రెండూ ఉండాలి. వంజరం (విశాఖలో కోనాం) పళ్ళు మోనోని కత్తెరలా కోస్తాయి. సూర చేప మాత్రం తేట నీళ్ళలో వైరును చూసి తప్పుకుంటుంది. అందుకే రెండు గాలాలు వేస్తాం: వైరున్నది 20 మీటర్ల దూరాన, లేనిది 35 మీటర్ల దూరాన. పొడవు తేడా లేకపోతే పడవ మలుపు తిరిగినప్పుడు రెండూ పెనవేసుకుంటాయి. తెల్లవారగానే ఒక గంట, పొద్దువాలే ముందు ఒక గంట, మంచి సమయం ఆ రెండే. మధ్యాహ్నం అంతా ఎర మీద నాచు పట్టిందేమో అరగంటకోసారి చూసుకోవడమే.

చేప పడితే పడవ వేగం కాస్త తగ్గించాలి. చేతికి గ్లౌజు, దగ్గర్లో కత్తి. తాడును చేతికి ఎప్పుడూ చుట్టకండి, పెద్ద చేప లాగితే వేళ్ళు మిగలవు.

అసలు ఈ సెట్టులో చాలామంది కొననిది ఐసు పెట్టె. సూర, వంజరం, కానాగంత జాతుల్లో చల్లదనం తగ్గితే హిస్టమిన్ పుడుతుంది. ముఖం ఎర్రబడి తలనొప్పి, దద్దుర్లు తెప్పించేది అదే. వండినా అది పోదు, వాసనను బట్టీ తెలియదు. పట్టగానే మొప్పల వెనక కోసి నెత్తురు వదిలించి, ఐసు సగం, సముద్రపు నీళ్ళు సగం కలిపిన పెట్టెలో ముంచేయాలి. నీళ్ళు కలపని ఐసు ముక్కల మీద పెట్టడం కంటే ఈ ముద్ద చాలా త్వరగా చల్లబరుస్తుంది, చేపకు అన్ని వైపులా అంటుకుంటుంది కాబట్టి. పట్టదలచిన చేప బరువుకు ఐసు అంతే బరువు ఉండాలి. ఐసు అయిపోతే గాలం తీసేయడమే, ఎంత చేప కొడుతున్నా.

చీకటి పడ్డాకా తీసేస్తాం. తీరానికి దగ్గరగా పరిచిన వలల బుడ్లు రాత్రి కనబడవు, గాలం వలకు చిక్కితే వాళ్ళ కష్టమూ పోతుంది, మన చుక్కానీ పోతుంది. కాకినాడ దాటి ఇంకా దక్షిణానికి, గోదావరి ముఖం వైపు పోతే చమురు వేదికల చుట్టూ చేపలు మూగుతాయి, కానీ 500 మీటర్ల లోపలికి పోకూడదు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు పైన తేలుతుంటాయి, కనబడితే గాలాన్ని పడవలోకి లాగేయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. నాటు పడవలకు మినహాయింపు ఉన్నా, వెనక ఇంజను తగిలించిన మనకు లేదు.

బయలుదేరేముందు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే అలల హెచ్చరిక చూసుకోండి, కోస్ట్‌గార్డు 1554 నంబరు ఫోనులో పెట్టుకోండి. తిరిగొచ్చాక సెట్టంతా మంచినీళ్ళలో కడిగి, నీడలో ఆరబెట్టి, గాలాలకు కాస్త నూనె రాస్తాం. రబ్బరు మాత్రం ఏటా కొత్తదే.